కంప్యూటరు పెట్టెలో వోల్టేజి పరీక్ష: మల్టీమీటరు వాడుక, జాగ్రత్తలు

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురము మొదలగు పేటలను ముంచెత్తినది. అదే సమయమున కృష్ణానదిలో ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినది. బ్యారేజి చరిత్రలో అంతకుమున్ను అంతటి ప్రవాహము నమోదు కాలేదు. నీరు తీసిన పిదప ఇండ్లలో మిగిలిన వస్తువులలో ఫ్రిజ్, వాషింగ్ మెషీను, టి.వి.లతో పాటు పిల్లల చదువుకై అప్పుచేసి కొన్న కంప్యూటరు కూడ ఉన్నది. దానిని రెండు దినములు ఎండలో పెట్టి, ప్లగ్గు పెట్టి, ఫ్యాను తిరిగినచో “బాగున్నది” అని తృప్తిపడుట మన వాడుక. ఫ్యాను తిరుగుటకు 12 వోల్టుల పీడనము కొంచెము అటూ ఇటూ ఉన్నను చాలును. లోపలి ప్రాసెసరుకు, హార్డ్ డిస్కుకు అంతటి ఓర్పు లేదు. ఆ పెట్టెను తాకు మన చేతికి అసలే లేదు.

కావున కంప్యూటరునకు అందు విద్యుత్తును కొలిచి తెలిసికొను పద్ధతి ప్రతి విద్యార్థికిని తెలియవలెను. ఇది కంప్యూటరు శాఖవారి పాఠ్యాంశమే కదా, తెలుగు చెప్పువానికేల అని కొందరు అడుగవచ్చును. పరికరము మీది అక్షరములు ఇంగ్లీషువి, దానిని పట్టుకొను చేతులు మనవి. ఆ రెంటికిని మధ్య నిలువవలసినది మాతృభాషయే. మన విద్యార్థులలో కొందరు ఇంట “బర్క్” అనియు, కొందరు “విద్యుత్తు” అనియు అందురు. రెండు మాటలకును తొలి అర్థము మెరుపు. ఆ సంగతి మరువకున్న చాలును, జాగ్రత్త సగము వచ్చినట్లే.

మొదట మన గోడ సాకెట్టులోనికి వచ్చునదేమో చూతము. ఇబ్రహీంపట్నమున 1979లో మొదటి యూనిట్టుతో ఆరంభమై నేడు డాక్టర్ నార్ల తాతారావు పేరుతో పిలువబడుచున్న థర్మల్ కేంద్రము నుండి వచ్చినను, శ్రీశైలము నుండి వచ్చినను, ఇంటికి చేరునది 230 వోల్టుల, 50 హెర్ట్‌జుల ఏకాంతర విద్యుత్తు. అనగా సెకనుకు యాబదిమారులు ముందుకు వెనుకకు ఊగునది. ఆరు శాతము హెచ్చుతగ్గులు ఉండవచ్చునని 1956 నాటి విద్యుత్ నియమావళి చెప్పినది. ఆ లెక్కన 216 నుండి 244 వరకు సహజముగనే భావింపవలెను. అయితే 230 అనునది ఒక విధమైన సగటు మాత్రమే. ఆ ఊపు శిఖరమున 325 వోల్టులను తాకును. కంప్యూటరు వెనుక తీగ గుచ్చు ఇనుప డబ్బా, అనగా మనము ఎస్.ఎం.పి.ఎస్. అని పిలుచునది, ముందుగా ఈ శిఖరమును పట్టి ఏకముఖ విద్యుత్తుగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నిలువచేయును. అటుపిమ్మట దానిని సెకనుకు వేలకొలది మారులు తుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరు గుండ పంపి 12, 5, 3.3 వోల్టులుగా దించును.

ఈ నిలువ సంగతి బాగుగా మనసున పట్టించుకొనవలెను. 470 మైక్రోఫారడుల కెపాసిటరు 325 వోల్టుల వద్ద సుమారు 25 జౌళ్ళ శక్తిని దాచుకొనును. కొన్ని కొత్తరకపు సప్లైలలో ఆ వోల్టేజి 400 దరికి పోవును. ప్లగ్గు పీకినంత మాత్రమున అది తరగిపోదు. దానిని మెల్లగా ఖాళీచేయు నిరోధము లోపల ఉండవలెను గాని, అది తెగినదో లేదో పై నుండి కానరాదు. తడిచేతి మనిషి శరీర నిరోధము వెయ్యి ఓముల వరకు దిగవచ్చును. 230ని వెయ్యితో భాగించిన 0.23 ఆంపియరు వచ్చును. గుండె లయ తప్పుటకు అందులో చాల తక్కువ భాగము చాలును. కావున ఈ వ్యాసములో చెప్పబోవు కొలతలన్నియు ఆ ఇనుప డబ్బా వెలుపలనే జరుగును. డబ్బా నాలుగు మరలు విప్పరాదు. లోపల ఏమున్నదో చూడవలెనన్న కుతూహలము శాస్త్ర విద్యార్థికి సహజమే. దానిని పనికిరాని సప్లై మీద, అనుభవము గల మెకానిక్కు ప్రక్కన నిలిచియుండగా తీర్చుకొనవచ్చును.

ఇక కొలుచు పరికరము. ఆంపియరు, వోల్టు, ఓము అను మూడింటిని ఒక్క పెట్టెతో కొలుచు మీటరు 1923లో ఇంగ్లండున “ఏవో” అను పేర వెలువడినది. ఆ మూడు మాటల తొలి అక్షరములే దాని పేరు. దానిని రూపొందించిన డోనాల్డ్ మకాడీ బ్రిటిష్ తపాలా శాఖలో ఇంజనీరు. అనేక పరికరములు మోసికొని తిరుగు విసుగు నుండియే ఈ ఆలోచన పుట్టెనందురు. నేడు మన బీసెంటు రోడ్డు పరిసరములలోని దుకాణములలో దొరకు పసుపుపచ్చ డిజిటల్ మీటరు దాని మునిమనుమడు.

మీటరు ముఖమున మూడు రంధ్రములుండును. “కామ్” అని వ్రాసినదానిలో నల్లతీగ ఎల్లప్పుడును ఉండును. వోల్టు, ఓము గుర్తులు గల రంధ్రమున ఎర్రతీగ పెట్టవలెను. మూడవది పది ఆంపియర్ల రంధ్రము. మన పనిలో దానితో అవసరము లేదు. మీటరు వలన జరుగు ప్రమాదములలో ఘోరమైనది ఈ మూడవ రంధ్రము వలననే జరుగును. వోల్టేజి కొలుచునపుడు మంచి డిజిటల్ మీటరు లోపలి నిరోధము పది మిలియన్ ఓములుండును. కావున దాని గుండ ప్రవాహము దాదాపు శూన్యము. ఆంపియర్ల రంధ్రము మాత్రము ఒక రాగితీగతో సమానము. నిన్న ఎవరో ప్రవాహము కొలిచి ఎర్రతీగను అక్కడనే విడిచిపోగా, నేడు మరియొకరు చూడక గోడ సాకెట్టులో రెండు మొనలు గుచ్చినచో, అది 230 వోల్టులను నేరుగా కలిపివేయుటయే యగును. చవక మీటర్లలో ఆ రంధ్రమునకు ఫ్యూజు కూడ ఉండదు. ఆ మాట దాని ప్రక్కనే చిన్న అక్షరములలో అచ్చువేసియుందురు. మొనలు కరగి మెరుపు చేతిలోనికి వచ్చును. కాబట్టి మీటరు చేతికి తీసికొనగానే మొదట రంధ్రములు, తరువాత త్రిప్పుడు మర, అటుపిమ్మట తీగల తొడుగు, ఈ వరుసన చూచుకొనవలెను. తొడుగు చిట్లి రాగి కనబడుచున్నచో ఆ తీగలు పారవేయవలసినదే. ఇన్సులేషన్ టేపు చుట్టి నెట్టుకొనివచ్చుట మనకు అలవాటైన పొదుపు. ఇచ్చట అది పనికిరాదు.

తరువాత మీటరునే పరీక్షింపవలెను. మరను ఏకముఖ వోల్టుల వైపు 20 అను గుర్తుకు త్రిప్పి, కొత్త గోడగడియారపు సెల్లును కొలిచిన 1.5 వోల్టులకు కొంచెము పైగా చూపవలెను. మీటరులోని స్వంత బ్యాటరీ క్షీణించినపుడు అది తప్పులెక్కలు ధారాళముగా చెప్పును. తప్పును సైతము మూడు దశాంశములతో చెప్పుటచే చూచువాడు నమ్మును. విద్యుత్తు లేదని తేల్చుకొనవలసిన చోట తెలిసిన సెల్లు మీద ఒకమారు, అసలు స్థలమున ఒకమారు, మరల సెల్లు మీద ఒకమారు కొలుచుట పనివారి ఆచారము. మధ్యలో మీటరే చచ్చి సున్నా చూపుచున్నదేమో అను అనుమానము అట్లు తీరును.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరకు వత్తము. మొదట గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, సప్లై వెనుక ఎర్రని చిన్న త్రోపుడు స్విచ్చి ఉన్నదేమో చూడవలెను. పాత సప్లైలలో అది 115, 230 అను రెండు స్థానములలో నిలుచును. మన దేశమున 230 వద్దనే ఉండవలెను. ఆడుకొను పిల్లవాడు దానిని 115కు జరిపినచో స్విచ్చి వేసిన క్షణమున లోపలి కెపాసిటర్లు పేలును. తరువాత పెట్టె ప్రక్క రేకు తీసి, ఉంగరములు, గడియారము, లోహపు గొలుసులు విప్పి, చేతులు తుడుచుకొని కూర్చుండవలెను.

సప్లై నుండి మదర్‌బోర్డునకు పోవు వెడల్పాటి జత 24 తీగలది. ఇంటెల్ సంస్థ 1995లో వెలువరించిన ఏ.టి.ఎక్స్. అను ప్రమాణము తీగల రంగులను నిర్ణయించినది. తొలుత అది 20 తీగలు, తరువాత 24 అయినది. నల్లనివన్నియు సున్నా. పసుపుపచ్చ 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3. ఊదా రంగుది కంప్యూటరు ఆపియున్నను గోడ స్విచ్చి ఉన్నంతసేపు మెలకువగా ఉండు 5 వోల్టులు. నీలము రుణ 12. ఆకుపచ్చ, బూడిద రంగులవి సైగలు మాత్రమే. కొత్త సప్లైలు కొన్నింట తీగలన్నియు నల్లనివే. మరికొన్ని కంపెనీ డెస్క్‌టాపులలో 12 వోల్టులు తప్ప వేరు వోల్టేజియే బయటకు రాదు. అట్టి చోట రంగును నమ్మక, సప్లై మీది చీటీని, కంపెనీ పుస్తకమును చూచి కొలువవలెను.

మీటరు నల్లతీగ కొనకు మొసలినోటి క్లిప్పు తగిలించి పెట్టెలోని రంగు పూయని లోహపు చోటికి గాని, ఖాళీగా ఉన్న నాలుగు మొనల జతలోని నల్లతీగకు గాని పట్టింపవలెను. అప్పుడు ఎర్రమొన పట్టుకొనుటకు ఒక్క చేయి చాలును. రెండవ చేయి ఒడిలో ఉండవలెను. రెండు చేతులు లోపల ఉన్నచో ప్రవాహమునకు గుండె మీదుగా దారి ఏర్పడునని పాతకాలపు రేడియో మెకానిక్కులు ఒక చేయి జేబులో పెట్టుకొని పనిచేసెడివారు. ఎర్రమొనను జత వెనుకవైపు నుండి, తీగ లోనికి పోవుచోట సన్నగా దూర్చవలెను. జత ఊడదీయనవసరము లేదు. మొన జారి ప్రక్క తీగను కూడ తాకినచో 12 వోల్టులు 5 వోల్టుల దారిలో పడి బోర్డును కాల్చును. ఈ చోట ప్రమాదము మనకు కాదు, యంత్రమునకు. కావున మొనకు చివర రెండు మిల్లీమీటర్లు విడిచి మిగిలినదానికి సన్నని స్లీవు తొడుగుట మేలు.

ఇప్పుడు గోడ స్విచ్చి వేసి, కంప్యూటరు బొత్తాము నొక్కకయే ఊదా తీగను కొలువవలెను. 5 వోల్టులు రానిచో లోపము సప్లైలోనో, గోడ సాకెట్టులోనో ఉన్నది. మదర్‌బోర్డును నిందింపనవసరము లేదు. వచ్చినచో బొత్తాము నొక్కి మిగిలినవి చూడవలెను. ధనవోల్టులకు ప్రమాణము అయిదు శాతము హద్దు విధించినది. పసుపు తీగ 11.40 నుండి 12.60 లోపల, ఎరుపు 4.75 నుండి 5.25 లోపల, నారింజ 3.14 నుండి 3.47 లోపల ఉండవలెను. రుణ 12కు పది శాతము వరకు సెలవు. బూడిద తీగ, వోల్టేజిలన్నియు కుదిరినవని సప్లై బోర్డునకు పంపు అంగీకారము. స్విచ్చి వేసిన తరువాత అర సెకనులోపల అది 5 వోల్టుల దరికి లేవవలెను. అది లేవనిచో ఫ్యాను తిరిగినను తెర వెలుగదు. “ఫ్యాను తిరుగుచున్నది గాని డిస్‌ప్లే లేదు” అను ఫిర్యాదునకు ఇది ఒక కారణము.

సప్లైని విడిగా పరీక్షింపవలెనన్న, ప్లగ్గు పీకియుండగా ఆకుపచ్చ తీగను దాని ప్రక్కనున్న నల్లతీగతో చిన్న తీగముక్క చేత కలిపి, అటుపిమ్మట ప్లగ్గు పెట్టవలెను. ఆకుపచ్చకు రెండు ప్రక్కల నల్లతీగలే ఉండుట సరిచూచుకొనుటకు అనుకూలము. అయితే విడిగా సరియైన అంకెలు చూపినంత మాత్రమున సప్లై ఆరోగ్యముగా నున్నదని చెప్పరాదు. బండికి బరువు వేయక ఎద్దు బలము తెలియునా? ఖాళీగా 12.1 చూపిన సప్లై, హార్డ్ డిస్కు తిరిగి ప్రాసెసరు శ్రమించునపుడు 11.2కు దిగినచో అది చెడినట్లే. కంప్యూటరుకు గట్టి పని కల్పించి, పది నిమిషములు ఆగి, వేడెక్కిన పిదప మరల కొలువవలెను. ఊరక ఉన్నప్పటి అంకె, పనిచేయునప్పటి అంకె రెండును ప్రక్కప్రక్కన తేదీతో వ్రాసికొన్నచో మరియొక ఏడాదికి అవియే మనకు ఆధారమగును.

మీటరు చెప్పలేనిది కూడ ఒకటి కలదు. ఏకముఖ విద్యుత్తు మీద సన్నని అలలు మిగిలియుండును. 12 వోల్టుల తీగపై అవి 120 మిల్లీవోల్టులకు, 5 వోల్టుల తీగపై 50 మిల్లీవోల్టులకు మించరాదని ప్రమాణము. మీటరు సగటును మాత్రమే చూపును గనుక కెపాసిటర్లు ఉబ్బి అలలు పెరిగినను 12.0 అనియే చెప్పవచ్చును. దానిని చూపునది ఆసిలోస్కోపు. అది లేని చోట, అంకెలన్నియు బాగుండియు కంప్యూటరు తనంతట తాను ఆగి మొదలగుచున్నచో, మరియొక మంచి సప్లై తగిలించి చూచుటయే మార్గము.

ఇక వరదనీట మునిగిన సప్లై విషయమున నా అభిప్రాయము ఖండితము. దానిని కొలువరాదు, మార్చవలెను. బుడమేరు నీటిలో ఒండ్రు, ఉప్పులు, మురుగు కలిసియున్నవి. నీరు ఆరిపోవును గాని ఆ పూత ఆరదు. 325 వోల్టుల భాగమునకును బయటి డబ్బాకును మధ్య ఉండవలసిన ఎడమను ఆ పూత తగ్గించును. గాలిలో తేమ పెరిగిన రాత్రి అది తిరిగి విద్యుద్వాహకమగును. మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు సంగతి వేరు. వానిని శుభ్రపరచి, పూర్తిగా ఆరబెట్టి, కొత్త సప్లైతో ప్రయత్నింపవచ్చును. పోయిన అది కొంత ధనమే. సప్లైతో పోవునది ధనము కాకపోవచ్చును.

మన ప్రయోగశాలలకు మరింత దగ్గరి విషయము ఒకటి చెప్పవలెను. కంప్యూటరు పెట్టెను తాకిన చిమచిమలాడుటను విద్యార్థులు చాలమంది ఎరుగుదురు. టెస్టరు పెట్టిన మినుకుమనును. “ఇది మామూలే” అని సరిపెట్టుకొందురు. దీని కారణము ఇది. సప్లై ముఖద్వారమున ఫేజు నుండి డబ్బాకు ఒకటి, న్యూట్రలు నుండి డబ్బాకు ఒకటి చొప్పున రెండు సమానమైన చిన్న కెపాసిటర్లుండును. ఎర్తుతీగ సరిగా ఉన్నచో ఆ కొద్ది ప్రవాహము నేలలోనికి పోవును. ఎర్తు తెగినచో డబ్బా రెంటి నడుమ, అనగా 115 వోల్టుల దరిని నిలుచును. ఒక్క యంత్రము నుండి వచ్చునది మిల్లీఆంపియరులో కొంత భాగమే కనుక చిమచిమతో సరిపోవును. కాని ప్రయోగశాలలో ఇరువది కంప్యూటర్ల ఎర్తుతీగలు ఒకదానికొకటి కలిసియుండి, ఆ మొత్తము మాత్రము నేలను చేరకున్నచో, ఇరువదింటి ప్రవాహము తాకిన ఒక్క చేతి గుండ పోవును. అంతకన్న విపరీతము, అందులో ఒక్క సప్లైలో ఫేజు డబ్బాకు తగిలినచో ఇరువది పెట్టెలును 230 వోల్టులతో నిలుచును. చెడిపోయినది మూల బల్ల మీదిది, షాకు కొట్టునది తలుపు ప్రక్కది.

గోడ సాకెట్టును కొలుచు పని విద్యార్థులది కాదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియను గాని, ఆ శాఖ అధ్యాపకుడు గాని చేయవలెను. అయినను ఏమి చూడవలెనో మనకు తెలిసియుండుట మంచిది. మీటరు ఏకాంతర వోల్టుల వైపు గరిష్ఠ స్థానమున ఉండవలెను. మీటరు మీదను, తీగల మీదను “క్యాట్ 3” అను వర్గము, 600 వోల్టులు అని వ్రాసియుండవలెను. సాకెట్టుకు ఎదురుగా నిలిచినచో కుడిది ఫేజు, ఎడమది న్యూట్రలు, పైనున్న పెద్దది ఎర్తు. ఫేజు, న్యూట్రలుల మధ్య 230, ఫేజు, ఎర్తుల మధ్యను దాదాపు అంతే, న్యూట్రలు, ఎర్తుల మధ్య రెండు మూడు వోల్టులు మాత్రమే రావలెను. రెండవ కొలత నూటి దరిని తచ్చాడుచున్నచో ఎర్తు తెగినదని అనుమానింపవలెను. మూడవది పదులలోనికి పోయినచో న్యూట్రలు వదులైనది. మీటరునకు నిరోధము హెచ్చగుటచే బలహీనమైన ఎర్తు కూడ 230 చూపగలదు. కావున గుంట నిరోధమును ఎర్తు టెస్టరుతో వేరుగా కొలువవలెను.

కళాశాల కమిటీ పెద్దల దృష్టికి ఇందుచేత మూడు సంగతులు తెచ్చుచున్నాను. ప్రయోగశాలకు పైన చెప్పిన వర్గపు మీటరు ఒకటి, ఫ్యూజు గల తీగలతో కొనవలెను. పది కంప్యూటర్లకు ఒకటి చొప్పున 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించవలెను. ఎక్కువ యంత్రములకు ఒక్కటే పెట్టినచో వాని సహజపు లీకేజితోనే అది ఊరక పడిపోవుచుండును, విసిగిన వారెవరో దానిని తప్పించి నేరుగా కలిపివేయుదురు. మూడవది ఎర్తు గుంట. డెల్టా నల్లనేల వానకాలమున తడిసి విద్యుత్తును చక్కగా పీల్చుకొనును, వైశాఖమున బెత్తెడు నెరియలు వారి గొట్టమును విడిచిపెట్టును. జూలైలో పరీక్షించి వ్రాసిన యోగ్యతాపత్రము మే నెలకు చెల్లదు. ఏటేట ఎండాకాలపు సెలవులకు ముందు, నేల మిక్కిలి ఎండియున్నపుడు కొలిపించి, ఆ అంకెను ప్రయోగశాల గోడకు వ్రేలాడదీసిన పలక మీద తేదీతో వ్రాయించవలెనని కోరుచున్నాను.